ముక్కు పంపు మాట

సికింద్రాబాద్ మందుల షాపుల్లో పాలపీకల పక్కన వేలాడే రబ్బరు బుడ్డిని నేను. డబ్బా మీద నాజల్ యాస్పిరేటర్ అని ఉంటుంది, ఇళ్లలో ముక్కు పంపు అంటారు. కొనేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: నన్ను తక్కువగా వాడండి. మొదటి నెలల్లో పసిబిడ్డ ఎక్కువగా ముక్కుతోనే ఊపిరి పీలుస్తుంది, చీదడం రాదు. డిసెంబరు చలికి ముక్కు దిబ్బడేస్తే నాలుగు గుక్కలు తాగి, రొమ్ము వదిలేసి ఏడుస్తుంది. నా అవసరం అప్పుడే. గురగుర వినిపిస్తున్నా పాలు తాగుతూ, హాయిగా నిద్రపోతుంటే నన్ను ముట్టుకోనక్కర్లేదు. అప్పుడే పుట్టిన బిడ్డ విషయంలోనూ వైద్యం ఇటే మళ్లింది. ఉమ్మనీరు స్వచ్ఛంగా ఉండి, బిడ్డ తనంతట తాను ఊపిరి తీస్తుంటే నోరూ ముక్కూ పీల్చవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లోనే చెప్పింది. మాటిమాటికీ లాగితే ముక్కు లోపలి పొర వాచి, దిబ్బడ ఇంకా పెరుగుతుంది, ఒక్కోసారి రక్తమూ వస్తుంది.

అలాగైతే కరెంటు మిషన్ కొంటే బలంగా లాగుతుంది కదా అంటారు. ఎండి అంటుకున్న చీమిడికి కావలసింది బలం కాదు, తడి. పాలకు ముందు ఒక్కో రంధ్రంలో ఒకటి రెండు సలైన్ చుక్కలు వేసి, కాసేపు ఆగండి. నన్ను బయటే నొక్కి, నొక్కు వదలకుండా కొనను రంధ్రం అంచున ఆనించి, మెల్లగా వదలండి. లోపల పెట్టి నొక్కితే గాలి చీమిడిని వెనక్కి తోస్తుంది. కొనేటప్పుడు ధర కన్నా ముందు, బుడ్డి విడదీసి కడగడానికి వీలుందా అని చూడండి. విడిరాని రబ్బరు లోపల తడి నిలిచి బూజు పడితే బయటికి కనబడదు. సబ్బునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టండి. ఒకరి పంపు మరొకరికి వద్దు.

ఇవేవీ లేకుండానే, ముక్కులో నూనె చుక్క వేసి పిల్లల్ని పెంచామనే పెద్దలున్నారు. మామూలు జలుబు దానంతటదే తగ్గుతుంది, అందుకే నూనెకు పేరొచ్చింది. కానీ ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా రావచ్చు. పెద్దల దిబ్బడ చుక్కలూ పసివాళ్లకు వేయకూడదు.

నా వల్ల కాని పనీ ఉంది. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు నిండు నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల లోపు బిడ్డ 60 సార్లు, ఆపైన ఏడాది లోపు బిడ్డ 50 సార్లు, లేదా అంతకు మించి ఊపిరి తీస్తున్నా, డొక్కలెగరేస్తున్నా, పాలు ముట్టకపోయినా నన్ను పక్కన పడేసి, ముషీరాబాద్ గాంధీ ఆసుపత్రికో, దగ్గర్లోని పిల్లల డాక్టరు దగ్గరికో వెంటనే తీసుకెళ్లండి.