మా ఊరి స్కేటింగ్ రింకు కైఫీయతు

రెండు వందల ఏళ్ళ కిందట కర్నల్ కాలిన్ మెకంజీ మనుషులు మా కడప సీమలో ఊరూరా తిరిగారు. కరణాల దగ్గరా పూజారుల దగ్గరా కూర్చుని ఈ ఊరు ఎవరు కట్టించారు, ఆ చెరువు ఎప్పుడు తెగింది, ఈ గుడి మాన్యం ఎవరి పాలైంది అని అడిగి రాసుకుపోయారు. వాటికే కైఫీయతులని పేరు. ఆ మనుషులు ఈ పొద్దు రాయచోటిలో దిగితే చెప్పడానికి నా దగ్గర ఒక కైఫీయతు తయారుగా ఉంది. మా పేటలో ఉండి మాయమైపోయిన స్కేటింగ్ రింకుది. ‘ఉండి’ అన్న మాట దగ్గర కాస్త పేచీ ఉంది. ‘మాయమై’ దగ్గర ఏ పేచీ లేదు.

చరిత్ర రాసేవాడికి ముందు ఆధారం కావాలి. పండితులు తొలి తెలుగు శాసనమని చెప్పే రాయి మా కడప సీమ కలమళ్ళలోనే దొరికింది. నా ఆధారం ఆర్టు పేపరు మీద ఉంది. నాలుగు మడతల రంగుల బ్రోచరు, పైన ప్లాస్టిక్ పూత. కలమళ్ళ రాయి పద్నాలుగు వందల ఏళ్ళకు పైగా నిలిచింది. నా బ్రోచరు అంతకన్నా ఎక్కువే నిలుస్తుంది, ప్లాస్టిక్ యాడికి పోతుంది?

కాలం చెప్పాలి గదా. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో పదమూడు జిల్లాలు ఇరవై ఆరయ్యాయి. అన్నమయ్య జిల్లా పుట్టింది, రాయచోటి దానికి కేంద్రమైంది. అంతవరకు చెనిక్కాయ పైరుకు వాన రాలేదని ఆకాశం వైపు చూసే మా ఊరి జనం ఒక్కసారిగా నేల వైపు చూడ్డం మొదలుపెట్టారు. మేకలు మేసే బీడుకు గజాల లెక్క వచ్చింది. పొద్దున టీ బంకు దగ్గర విన్న ధర సాయంత్రం అదే బంకు దగ్గర పాతదైపోయేది. నిన్నటిదాకా బైకుకు పెట్రోలు అప్పడిగినోడు తెల్ల చొక్కా తొడుక్కుని కలెక్టరేటు ఇక్కడొస్తుంది, ఎస్పీ ఆఫీసు అక్కడొస్తుంది అని వేలు చూపిస్తూ తిరిగాడు.

నా బ్రోచరు ఆ రోజుల్లో వేసిన ఒక ఇళ్ళ స్థలాల వెంచరుది. అందులో చెట్లు, నడక దారి, ఊయల, వాటన్నిటి మధ్య నీలం రంగు గుడ్డు ఆకారం. కింద ‘కిడ్స్ స్కేటింగ్ రింక్’ అని రాసుంది. గుడ్డు మీద హెల్మెట్ పెట్టుకున్న ఒక తెల్ల పిల్లోడు ఒంటికాలి మీద జారిపోతున్నాడు. వాడి వెనక పైన్ చెట్లు. మా గుట్టల మీద తుమ్మా, కలబందా తప్ప పైన్ చెట్టు చూసిన మనిషి లేడు. ఆ ఒక్క ముక్కతోనే నాకు తెలివి రావాల్సింది.

రాకపోవడానికి కారణం మా బావమరిది. వాడు కువైట్‌లో హౌస్ డ్రైవరు. మా సీమలో ఇంటికొక మనిషి కువైట్‌లో ఉంటే ఆ ఇంటి గోడకొక గడియారం, అటకమీదొక దుప్పటి, పిల్లోడికొక ఆటబొమ్మ ఉంటాయి. కువైట్ నగరంలో 1980లోనే మంచు మీద జారే రింకు తెరిచారు. ఎండాకాలం యాభై డిగ్రీలు తాకే ఇసుక దేశంలో మంచు! మా వాడు సేటు పిల్లల్ని ఆ వాకిట్లో దింపి, కారులో ఏసీ ఆపేసి రెండు గంటలు కాచుకునేవాడంట. లోపలికి ఎప్పుడూ పోలేదు. ఒకసారి సెలవుకు వస్తూ మా పిల్లోడికి స్కేట్లు తెచ్చాడు. ఇనప పలక, కింద నాలుగు చక్రాలు, మడమ దగ్గర తోలు పట్టీ, కాలు పెరిగేకొద్దీ జరుపుకోవడానికి నడుమ ఒక బోల్టు, దానికో చిన్న పానా. పానాను మా అమ్మ పూజ అలమారలో దాచింది.

మొదటి రోజు వాడు వాటిని కట్టుకుని మా వీధి సిమెంటు రోడ్డు మీద నిలబడ్డాడు. ఆ రోడ్డుకు కొళాయి గొట్టం కోసం ఒకసారి, కేబులు కోసం ఒకసారి, ఎందుకో ఎవరికీ తెలియకుండా ఒకసారి అడ్డంగా గాడి తవ్వి మట్టి పోశారు. ఏడడుగులు జరిగాడు. పెళ్ళిలో అయితే సరిపోయేవి. ఎనిమిదో అడుగులో గాడి, తొమ్మిదో అడుగులో మోచిప్ప. ఎదురింటి ముసలాయన అరుగు మీద నుంచే, “చక్రాలు కట్టుకుంటే ఎద్దు ముందుండాలబ్బీ” అన్నాడు.

అట్లా పడినవాడు లోకంలో మా వాడొక్కడే కాదు. 1760ల్లో లండన్‌లో జోసెఫ్ మెర్లిన్ అనే బెల్జియం పనిమంతుడు చక్రాల జోళ్ళు తయారు చేసి, ఒక విందులో ఫిడేలు వాయిస్తూ వాటి మీద ప్రవేశించాడంట. తిరగడం తెలీదు, ఆగడం తెలీదు. అయిదు వందల పౌన్ల నిలువుటద్దంలోకి దూరి, ఫిడేలు విరగ్గొట్టుకుని, తనూ దెబ్బలు తిన్నాడని చెబుతారు. తర్వాత వంద ఏళ్ళకు, 1863లో, న్యూయార్క్‌లో జేమ్స్ ప్లింప్టన్ అనేవాడు ఒళ్ళు ఎటు వాలిస్తే అటు తిరిగే నాలుగు చక్రాల స్కేటు కనిపెట్టాడు. అప్పుడుగానీ అది ఆట కాలేదు. ఇంగ్లీషు దొరలకు పిచ్చి పట్టి ఊరికొక రింకు కట్టుకున్నారు, ఎండ పడక కొండలెక్కినప్పుడు దాన్నీ వెంటబెట్టుకు పోయారు. ముస్సోరీలో 1890 ప్రాంతంలో కట్టిన చెక్క నేల రింకు చాలాకాలం పేరు మోసింది. 2024 సెప్టెంబరులో అది నిప్పంటుకుని కాలిపోయింది. పాపం అనుకున్నా. వెంటనే అసూయ పుట్టింది. వాళ్ళకు కనీసం బూడిద మిగిలింది.

హైదరాబాదులో ఇందిరా పార్కులో రింకు ఉంది. ఆ నగరం పిల్లోడు యామ అనూప్ కుమార్ 2010లో గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో కళాత్మక స్కేటింగులో రెండు కంచు పతకాలు తెచ్చాడు, 2015లో అర్జున పురస్కారం అందుకున్నాడు. 2023 అక్టోబరు 2న హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన అమ్మాయిలూ అబ్బాయిలూ మూడు వేల మీటర్ల రిలేలో కంచు గెలిచారు. 2025లో తమిళనాడు కుర్రాడు ఆనంద్‌కుమార్ వేల్‌కుమార్ ఏకంగా ప్రపంచ విజేతే అయ్యాడు. వీళ్ళంతా మంచి పిల్లలే, కష్టపడ్డవాళ్ళే. అయితే వాళ్ళ కాళ్ళ కింద ఎవరో ఒకరు నున్నటి నేల పరిచారన్నది కూడా నిజం.

ఎంత నేల? నేను లెక్క కట్టినా. రోలర్ హాకీ ఆడే రింకు నలభై మీటర్ల పొడవు, ఇరవై మీటర్ల వెడల్పు. మన లెక్కలో ఇరవై సెంట్లు. ఇరవై సెంట్లంటే ఓ మోస్తరు నాయకుడి ఇంటి ప్రహరీలో కార్లు నిలిపే జాగా. పైగా నున్నటి నేలకు మాకు కరువా? కడప బండ పరవని వంటిల్లు తెలుగుదేశంలో ఉందా? ఎవరెవరి ఇళ్ళకో చదును నేల పంపించే సీమ మాది. పంపించగా మిగిలిన గుంటలు మా పిల్లలకి.

ఇంకొక యోగం కూడా కలిసొచ్చింది. మా ఎమ్మెల్యే మండిపల్లి రాంప్రసాద్ రెడ్డి గారు 2024 జూన్‌లో మంత్రి అయ్యారు. ఆయనకొచ్చిన శాఖలు రవాణా, యువజన, క్రీడలు. చక్రాలూ మనవే, పిల్లలూ మనవాళ్ళే, ఆటలూ మనవే. మూడూ కలిపితే స్కేటింగు గాక ఇంకేమవుతుంది! రింకు కట్టమని ఆయన్ని నేనడగలేదు, అడగని బాకీ ఆయన మీద రాయను. జాతకాల్లో ఇంత చక్కటి కూడిక అరుదని మాత్రం రాసి పెడుతున్నా.

ఇక అసలు చరిత్రకు వస్తా. బ్రోచరు చేతిలో పట్టుకుని ఆ వెంచరుకు పోయినా. కుర్చీలు, షామియానా, బాదం పాలు. తెల్ల చొక్కా మనిషి ఎదురొచ్చాడు.

“రింకు యాడొస్తాదన్నా?” అనడిగినా.

ఆయన చెయ్యెత్తి గాలిలో ఒక సున్నా చుట్టాడు. “ఈడ్నుంచి ఆ యాపచెట్టు దాకా అంతా రింకే సామీ.”

“అప్రూవలుండాదా?”

“వస్తాండాది. దావలో ఉండాది.”

ఆ రోజు ఆయన చుట్టిన సున్నా ఉందే, అంత నిండైన రింకు మళ్ళీ నేను చూడలేదు. బయానా ఇచ్చేసినా.

తర్వాతి దశలు క్లుప్తంగా చెప్తా. మొదట చెట్టు కింద కొంత మేర సిమెంటు పోశారు, నీలం రంగు పూశారు. ఇరవై సెంట్లు కాదు, మా వాడు చాచి అడుగులేస్తే ఆరడుగుల్లో అయిపోయేంత. రిబ్బను కత్తిరించారు, ఫోటో తీశారు. ఆ ఫోటో రెండో బ్రోచరులో పడింది. మూడు ఆదివారాలు మా వాడు నిజంగానే ఆడాడు, అబద్ధం చెప్పకూడదు. అటూ ఇటూ పోవడం కుదరక గుండ్రంగా తిరిగాడు, గానుగెద్దు మాదిరి. అయినా వాడి మొహంలో ఆ మూడు ఆదివారాలున్న వెలుగు ఏ ప్లాటు ఇయ్యగలదు? నాలుగో ఆదివారానికి దాని మీద చెనిక్కాయలు ఆరబోశారు. పక్క చేను రైతును తప్పు పట్టను. మంచి కళ్ళం కనబడితే కాయలు ఎండబెట్టనోడు రైతెట్లవుతాడు? ఆ తర్వాత ఎవరింటి పెళ్ళికో అక్కడే పొయ్యిలు పెట్టి సంగటి గెలికారు. నీలం మీద నల్లటి వలయాలు పడ్డాయి. అప్పుడు మాత్రం అది దూరం నుంచి నిజమైన రింకు లాగే కనిపించింది.

ఒక పొద్దున పోయి చూస్తే రెండు రాళ్ళు పాతి ఉన్నాయి. ఒకదాని మీద 41, ఇంకొకదాని మీద 42. నడక దారి 43 అయింది. ఊయల ఏ నంబరో కనుక్కోలేకపోయినా.

ఈ లోపల పెద్ద చక్రమే తిరిగింది. 2025 చివర్లో జిల్లాలను మళ్ళీ సర్దారు. రాజంపేట కడపలో కలిసింది, రైల్వే కోడూరు తిరుపతిలో కలిసింది, అన్నమయ్య జిల్లా కేంద్రం మదనపల్లెకు మారింది. అంటే మూడేళ్ళ తొమ్మిది నెలలకు మా జిల్లా కేంద్రమే కాళ్ళకు స్కేట్లు కట్టుకుని మదనపల్లె రోడ్డెక్కింది. ఫిడేలు వాయిస్తూ వచ్చిన మెర్లిన్‌కు మా ఊళ్ళో అద్దాలు కాదు, అప్పులు చేసి కొన్న ప్లాట్లు తగిలాయి. తెల్ల చొక్కా మనిషి బస్టాండు దగ్గర కనిపిస్తే రింకు సంగతి అడిగినా. ఆయన నా వైపు జాలిగా చూసి, “జిల్లానే పాయె సామీ, నీ రింకెంత?” అన్నాడు. ఇప్పుడాయన చేతిలో మదనపల్లె బ్రోచరు ఉంది. అందులో ఈత కొలను కూడా ఉంది. ఈత కొట్టే పిల్లోడి వెనక పైన్ చెట్లే.

టీ బంకు దగ్గర ఈ కథ చెబితే పెద్దమనుషులు నన్నే కోప్పడ్డారు. “తాగను నీళ్ళు లేని సీమలో జారుడాట కావాల్నా నీకు?” అని. ఈ మాట చిన్నప్పటి నుంచి వింటాండా. గ్రంథాలయమడిగితే నీళ్ళు లేవంటారు, ఆటస్థలమడిగితే నీళ్ళు లేవంటారు. పోనీ అవన్నీ మానుకున్నాం గదా, మానుకున్నందుకు నీళ్ళేమైనా వచ్చాయా? ఏటా వీరభద్రస్వామి తిరుణాళ్ళకు రంగులరాట్నం వచ్చిన నాలుగు రోజులే మా పిల్లలకు చక్రాల భాగ్యం. మిగతా కాలమంతా వాళ్ళు సెల్‌ఫోను మీద వేలు జారిస్తారు. అది ఒక్కటే మా ఊళ్ళో నున్నగా ఉండే జాగా.

పైగా నేనడిగింది దానం కాదు. లేఅవుటు వేసే ప్రతివాడూ మొత్తం నేలలో పది శాతం ఖాళీ స్థలంగా వదలాలి, దాన్ని గిఫ్టు డీడుతో పంచాయతీకో మున్సిపాలిటీకో రాసియ్యాలి. రూలు పుస్తకంలో ఉంది. ఆ పది శాతం వెల కూడా మనం కొన్న గజాల ధరలోనే కలిపి వసూలు చేస్తారు. అంటే మా వాడి రింకుకు నేను డబ్బు కట్టేసినా. కట్టిన రింకునే రెండోసారి 41, 42 అని ఇంకెవరికో అమ్మారు. ఆ కొన్నవాళ్ళను చూసినా. వాళ్ళకూ ఒక పిల్లోడున్నాడు, బ్రోచరు కూడా ఉంది.

ఇది చదివే మీ ఇంట్లోనూ బీరువా అరల్లో అట్లాంటి కాగితమొకటి ఉంటుంది. పారేయొద్దు. పది రూపాయలు పెట్టి సమాచార హక్కు దరఖాస్తు రాయండి. మా లేఅవుటులో ఖాళీ స్థలం ఎంత, ఏ సర్వే నంబరులో ఉంది, గిఫ్టు డీడు ఏ తేదీన రిజిస్టరైంది అని మూడే ప్రశ్నలు అడగండి. ముప్పై రోజుల్లో జవాబియ్యాలి. జవాబు రాగానే ఒక కొలత టేపు తీసుకుని ఆ జాగాకు పోండి. పిల్లోణ్ణి కూడా తీసుకుపోండి, టేపు రెండో కొస పట్టుకోవడానికి ఒకరుండాలి.