నూరేళ్ళు బతకమనకండి

ఎవరైనా "నూరేళ్ళు చల్లగా ఉండండి" అని దీవిస్తే ఈమధ్య నాకు ఒళ్ళు మండుతోంది. చల్లగా ఉండాలంటే కరెంటు బిల్లు ఎవరు కడతారు?

ఇదంతా ఆ రిటైర్మెంట్ క్యాలిక్యులేటర్ చలవే. పొదుపెంత, ఖర్చెంత, ధరలు ఏటా ఎంత పెరుగుతాయి అని అన్నీ ఆరా తీసి, చివర్లో ఓ గడి చూపిస్తుంది: ఎన్నేళ్ళు బతుకుతారు? 80 కొడితే పచ్చరంగు. 85 అంటే పసుపు. 90 అనగానే తెరంతా ఎర్రబడుతుంది. అంటే పొద్దున్నే వాకింగుకి వెళ్ళడం శుద్ధ దుబారా అన్నమాట.

జాతకంలో ఏముందో చూడమన్నాడు మా తమ్ముడు. ట్రంకుపెట్టె అడుగునుంచి తాతగారు రాయించిన నోటుబుక్కు తీశాం. ఆయుర్దాయం 74! ఆ అంకె కొట్టి చూస్తే మిగులు బడ్జెట్. కాశీ వెళ్ళొచ్చు, కారు కూడా కొనొచ్చు. తీరా చూస్తే కింద సన్నటి అక్షరాల్లో "శని అనుగ్రహిస్తే 92" అని ఉంది. శని అనుగ్రహిస్తే నేను రోడ్డున పడతాను. తైలాభిషేకాలు తక్షణం ఆపించేశాను. అనుమానం తీరక జ్యోతిష్కుడి దగ్గరికెళ్ళి, "గండాలేమైనా ఉన్నాయాండీ?" అని ఆశగా అడిగాను. "ఒకటుంది, శాంతి చేయిస్తే పోతుంది" అన్నాడు. "వద్దులెండి, ఉండనివ్వండి" అన్నాను.

వేళాకోళం అలా ఉంచితే, ధరలు ఏటా 6 శాతం పెరిగితే పన్నెండేళ్ళలో రూపాయి అర్ధరూపాయి అవుతుంది. సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో 30 లక్షల దాకా వేసుకోవచ్చు, మూడు నెలలకోసారి వడ్డీ వస్తుంది. బాగానే ఉంది. కానీ ఆ వడ్డీ ఐదేళ్ళూ కదలదు. కందిపప్పు కదులుతుంది. మాలాంటి ప్రైవేటు ఉద్యోగుల ఈపీఎస్ పెన్షనుకైతే కరువు భత్యమన్నదే లేదు. జీతమెంతైనా సరే, మామూలుగా లెక్కలోకి తీసుకునేది 15,000 వరకే. 35 ఏళ్ళ సర్వీసు లెక్కకొస్తే నెలకి 7,500. మందుల షాపువాడికే చాలదు.

మొన్న ఈ గోడంతా మా ఆవిడ దగ్గర వెళ్ళబోసుకున్నాను. గోంగూర వలుస్తూ అంతా విని, "ఆ గడిలో అడిగింది మీ ఆయుష్షేగా?" అంది.

నిజమే. ఆవిడ నాకన్నా ఆరేళ్ళు చిన్న. నేను పోతే ఆ పెన్షన్లో ఆవిడకొచ్చేది సగం. నా జీతంతో ఇన్నేళ్ళు ఇల్లు నడిపి, నెలాఖరున పోపులడబ్బాలోంచి తీసి నాకే అప్పిచ్చిన మనిషికి ఆ లెక్కలో గడే లేదు. పెళ్ళప్పుడు ఆవిడ జాతకంలో మావాళ్ళు పట్టిపట్టి చూసింది మాంగల్యబలం. ఆవిడ ఎన్నేళ్ళు బతుకుతుందో అప్పుడూ ఎవరూ అడగలేదు.