థైరాయిడ్ మాత్ర మీరే పెంచుకోండి: ఆసుపత్రికి త్వరగా చేర్చే ఏడు చిట్కాలు

థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు లేని ఇల్లు మన వీధుల్లో ఇప్పుడు వెతికితే గానీ దొరకదు. పొద్దున్నే పళ్లు తోముకోగానే సీసా మూత తీసి ఒక మాత్ర, గ్లాసుడు నీళ్లు, ఆ పైన కాఫీ కోసం గడియారం వంక చూపులు. ఇంత అలవాటైన మందుకు మళ్లీ డాక్టరెందుకని మాబోటి అనుభవజ్ఞుల అభిప్రాయం. అందులోనూ ఈ మధ్య డాక్టర్లు కొత్త మెలిక పెడుతున్నారు. మూత్రపిండాల పైన అడ్రినల్ గ్రంథులని రెండుంటాయట, అవి కార్టిసాల్ అనే హార్మోను చేస్తాయట, అవి నీరసించి ఉంటే థైరాయిడ్ డోసు ముట్టుకోకూడదట. ఇలాంటి చాదస్తాలను దాటుకుని సొంతంగా డోసు సవరించుకోదలచిన ధీరుల కోసమే ఈ చిట్కాలు.

1. అంకెనే నమ్మండి, ఒంటిని నమ్మకండి

ల్యాబ్ రిపోర్టు వాట్సాప్‌లో రాగానే నేరుగా, థైరాయిడ్ తగ్గితే పెరిగే టీఎస్‌హెచ్ దగ్గరికి వెళ్లండి. అంకె పక్కన ‘ఎక్కువ’ అని చెప్పే లావుపాటి హెచ్ అక్షరం కనిపిస్తే చాలు, మిగతా పేజీలు తెరవక్కర్లేదు. థైరాయిడ్ తగ్గినవాళ్లు మామూలుగా కాస్త ఒళ్లు చేస్తారు. మీరేమో జాకెట్లన్నీ వదులయ్యేలా చిక్కిపోయారు. పట్టించుకోకండి. కుర్చీలోంచి లేవగానే కళ్లు బైర్లు కమ్ముతున్నాయి, అన్నం సహించడం లేదు, ఆవకాయ మాత్రం వట్టిదే నాకాలనిపిస్తోంది. ఉప్పు మీద అంత యావ ఏమిటని ఎవరైనా అడిగితే, ఈ ఏడు ఆవకాయ బాగా కుదిరిందని చెప్పండి. అరచేతి గీతలు నల్లబడితే చెయ్యి పట్టుకెళ్లి జ్యోతిష్కుడికి చూపించండి. చిగుళ్లు నల్లబడితే టూత్‌పేస్టు మార్చండి.

అడ్రినల్ గ్రంథులు పాడైనవాళ్లు ఇలా నల్లబడి, నీరసించి, చిక్కిపోతారని లండన్ డాక్టరు థామస్ అడిసన్ 1855లోనే పుస్తకం రాశాడు. కార్టిసాల్ తగ్గినప్పుడు టీఎస్‌హెచ్ కాస్త పెరిగి కనిపించవచ్చనీ, ఆ లోటు పూడ్చే స్టెరాయిడ్ మొదలుపెట్టాక అదే సర్దుకోవచ్చనీ ఇప్పటి ఎండోక్రైనాలజిస్టులూ చెబుతారు. చెప్పనివ్వండి. హెచ్ కనిపించాక ఇంకా ఆలోచనేమిటి?

2. పక్కింటివాళ్ల డోసు అడిగి పెంచండి

డోసు తేల్చాల్సిన చోటు పార్కు బెంచీ.

“వదినా, నీది ఎంత?”

“డెబ్బై అయిదు.”

“అందుకే ఆ నీరసం. నాది నూట పాతిక. మా ఆడపడుచుది నూట యాభై!”

అక్కడికక్కడే మీకు చిన్నతనం అనిపించాలి. బరువును బట్టి, వయసును బట్టి, గుండె పరిస్థితిని బట్టి డోసు ఉంటుందన్న మాట మనసులోకి రానివ్వకండి. పెంచాక ఫలితం కోసం ఆరు వారాలు ఆగమంటారు. మాత్రలోని లీవోథైరాక్సిన్ ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది కాబట్టి, కొత్త డోసు రక్తంలో నిలకడగా కుదురుకోవడానికి అన్నాళ్లు కావాలట. మీరు అయిదో రోజుకే “ఏం తేడా లేదే” అని మరో పాతిక కలపండి. కూరల కత్తితో మాత్రను ముక్కలు చేసి, రాలిన పొడిని వేలితో అద్ది నాలుక మీద వేసుకుంటే వైద్యం పూర్తిగా మీ చేతుల్లోకి వచ్చినట్టే. క్యాల్షియం, ఐరన్ మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలన్న నియమం కూడా మరిచిపోండి. అన్నీ ఒకే గుక్కలో మింగితే ఏ రోజు ఎంత మందు ఒంటికి పట్టిందో ఎవరికీ అంతుపట్టదు. పక్కింటి వదినకు మాత్రం మీ అంకె గొప్పగా వినిపిస్తుంది.

3. జమ చూడకుండా ఖర్చు పెంచండి

చిట్కాలన్నిటికీ గుండెకాయ ఇదే. థైరాయిడ్ హార్మోను ఒంట్లో పనుల వేగం పెంచుతుంది. దానితోపాటు కార్టిసాల్ కరిగిపోయే వేగమూ పెరుగుతుంది. అడ్రినల్ గ్రంథులు బాగున్నవాళ్లకు ఇబ్బంది లేదు, ఖర్చయినంతా అవి మళ్లీ తయారుచేస్తాయి. ఆ శక్తి లేనివాళ్లకు థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టినా, పెంచినా, జీతం ఆగిపోయిన ఇంట్లో దుబారా మొదలైనట్టే. ఉన్న కాస్త కార్టిసాలూ హరించుకుపోయి, వాంతులు, కడుపునొప్పి, బీపీ పడిపోవడం, స్పృహ తప్పడం వరకూ వెళుతుంది. అడ్రినల్ క్రైసిస్ అంటారు, ప్రాణాల మీదికి వచ్చే స్థితి.

అడ్రినల్ లోపం సరిచేయకుండా ఈ మందు వాడకూడదని మందుతో ఇచ్చే సమాచార పత్రాల్లోనే రాసి ఉంటుంది. భూతద్దం పెడితే గానీ కనబడని అక్షరాలు కదా, మడిచి సీసా కింద పెట్టండి, టేబుల్ మీద మరక పడదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని పెద్దలు ఊరికే అనలేదు, దాన్ని నిజం చేసే భాగ్యం మీకు దక్కింది.

4. వరస తప్పించండి

అడ్రినల్, థైరాయిడ్ రెండూ తగ్గాయని తేలితే డాక్టర్లు పాటించే వరస ఒక్కటే. ముందు హైడ్రోకార్టిసోన్ లాంటి స్టెరాయిడ్, ఆ తర్వాతే థైరాయిడ్ మాత్ర. అనుమానం ఉంటే పొద్దున ఎనిమిదింటికి కార్టిసాల్ పరీక్ష రాస్తారు. అంకె అటూ ఇటూ కాకుండా ఉంటే 250 మైక్రోగ్రాముల సినాక్తెన్ ఇంజెక్షన్ ఇచ్చి, గ్రంథి ఎంత పలుకుతుందో మళ్లీ రక్తం తీసి చూస్తారు. ఇదంతా డబ్బు గుంజడమేనని నిశ్చయించుకోండి. స్టెరాయిడ్ అన్న మాట వినగానే చెప్పులు వేసుకోండి.

ఈ రెండు హార్మోన్ల బంధుత్వం తెలిసినవాళ్లకు ఈ చిట్కా మింగుడుపడదు. 1914 క్రిస్మస్ రోజున అమెరికాలోని మేయో క్లినిక్‌లో థైరాయిడ్ హార్మోను థైరాక్సిన్‌ను స్ఫటికాలుగా విడదీసిన ఎడ్వర్డ్ కెండాల్, అడ్రినల్ హార్మోన్ల మీద పనికి 1950లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. ఒక్క మనిషే రెండు చోట్లా పనిచేశాడు. జాన్ కెన్నెడీకి అడ్రినల్ గ్రంథులు పాడయ్యే అడిసన్ జబ్బు ఉందని 1947లో లండన్‌లో తేలింది. ఆయనకు థైరాయిడ్ కూడా తక్కువే. రెండింటికీ మందులు వాడుతూనే అమెరికా అధ్యక్షుడయ్యాడు. అంతకన్నా పెద్ద పదవి ఆశించేవాళ్లు మాత్రం మా పద్ధతిలోనే పోవాలి.

5. గతం దాచిపెట్టండి

డాక్టరు పాత సంగతులు అడుగుతారు. ఒక్కటీ చెప్పొద్దు. మోకాళ్ల నొప్పులకు ఆర్‌ఎంపీ నెలనెలా వేసిన ఇంజెక్షన్, ఉబ్బసానికి పొట్లాల్లో ఇచ్చిన పేరులేని పొడి, వాడినన్నాళ్లూ ఆకలి రెట్టింపై ముఖం గుండ్రంగా తేలడం, ఇవన్నీ మీ ఇంటి రహస్యాలు. అందులో డెక్సామెథసోనో, ప్రెడ్నిసోలోనో, ఏదో ఒక స్టెరాయిడ్ ఉండి ఉండవచ్చు. నెలల తరబడి బయటి స్టెరాయిడ్ అందితే సొంత గ్రంథి పని మానేసి నిద్రపోతుంది. దాన్ని మెల్లగా తగ్గిస్తూ రావాలి. మీరు మాత్రం “ఇక చాలు” అని ఒక్కరోజులో ఆపేసి, అప్పుడొచ్చిన నీరసానికి థైరాయిడ్ డోసు పెంచండి.

ఎప్పుడో క్షయకు మందులు వాడిన సంగతీ ఎత్తకండి. అడ్రినల్ గ్రంథులను తినేసే జబ్బుల్లో మన దేశంలో క్షయకు ఇప్పటికీ చోటుంది. కాన్పులో విపరీతంగా రక్తం పోయి, బిడ్డకు పాలు పడక, ఆ తర్వాత నెలసరి తిరిగి రాకపోతే అది కూడా మింగేయండి. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి అలా దెబ్బతింటుందని బ్రిటిష్ పాథాలజిస్టు హెరాల్డ్ షీహన్ 1937లో వివరించాడు. పొలంలో రక్తపింజర కాటేసి బతికి బయటపడ్డవాళ్లలోనూ కొందరికి ఇదే గతి పట్టింది. పిట్యూటరీ దెబ్బతింటే థైరాయిడ్, అడ్రినల్ రెండూ పడిపోతాయి, టీఎస్‌హెచ్ మాత్రం మామూలుగానే కనిపించవచ్చు. అప్పుడు డాక్టర్లు థైరాయిడ్ హార్మోనునే కొలిచే ఫ్రీ టీ4 చూస్తారు. మీరు టీఎస్‌హెచ్ బాగుందని స్వీట్లు పంచండి.

6. డబ్బా మందులతో అడ్రినల్‌ను ఉత్తేజపరచండి

రక్తపరీక్ష అంటే భయపడేవారి కోసం ‘అడ్రినల్ ఫటీగ్’ అనే సులువైన జబ్బు ఉంది. 1998లో జేమ్స్ విల్సన్ అనే అమెరికన్ ఈ మాట పుట్టించాడు. పొద్దున నిద్ర లేవబుద్ధి కాని ప్రతి మనిషికీ ఇది సరిపోతుంది. అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ వడపోసిన 2016 నాటి సమీక్షలో, ఇలాంటి జబ్బు ఉందనడానికి ఆధారం లేదని తేలింది. నిజంగా కార్టిసాల్ పడిపోయిన మనిషికి ఈ పేరు చెప్పి డబ్బా అమ్మితే, జరగాల్సిన పరీక్ష నెలల తరబడి వెనక్కి పోతుంది.

డబ్బాలో ఏముందో చూడాలనుకోకండి. అమెరికాలో ‘అడ్రినల్ సపోర్ట్’ పేరుతో అమ్మే 12 రకాలను పరీక్షించి 2018లో ఫలితాలు ప్రకటించారు. పన్నెండింటిలోనూ థైరాయిడ్ హార్మోను జాడ దొరికింది, ఏడింటిలో స్టెరాయిడ్ కూడా ఉంది. మాత్రకు తోడు ఇంకో మాత్ర, చెప్పకుండా, ఉచితంగా! ఇంత ఉదారత ఏ మందుల షాపులో దొరుకుతుంది?

7. జ్వరం వస్తే అన్నీ మానేయండి, లేదా ఈ వ్యాసం చదివి మానేయండి

స్టెరాయిడ్ వాడుతున్నవాళ్లకు జ్వరం వస్తే డోసు రెట్టింపు చేయాలని, వాంతులై మాత్ర నిలవకపోతే వెంటనే 100 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ పడాలని డాక్టర్లు ముందే చెప్పి పెడతారు. మీరు “జ్వరంలో మందులు వేడి చేస్తాయి” అని స్టెరాయిడ్ ఆపేయండి. వాంతులు, కడుపునొప్పి వస్తే గ్యాస్ అని సోడా తాగి పడుకోండి. కళ్లు తేలేస్తే దిష్టి తీయించండి. ఆసుపత్రికి మోసుకెళితే, అక్కడ స్టెరాయిడ్ మాట ఎవరూ ఎత్తకుండా చూడండి.

ఇదంతా చదివి హడలిపోయినవాళ్లకు ఇంకో దారుంది. రేపటి నుంచి థైరాయిడ్ మాత్ర ఎవర్నీ అడగకుండా పూర్తిగా ఆపేయండి. పెంచడం ఎలా మన హక్కో, ఆపడమూ అంతే. నాలుగు వారాలకు గొంతు బొంగురుపోయి, మలబద్ధకం పట్టి, పట్టపగలు చలేస్తే మళ్లీ మా దగ్గరికే రండి, ఇంకో చిట్కా చెబుతాం.

ఒక్క పని మాత్రం చచ్చినా చేయకండి. డాక్టరు ఎదురుగా కూర్చుని, వాడిన ఇంజెక్షన్లు, పొడులు, పాత జబ్బులు అన్నీ దాచకుండా చెప్పి, “డోసు పెంచే ముందు నా కార్టిసాల్ చూడాల్సిన పని ఉందా?” అని అడక్కండి. చాలామందికి అక్కర్లేదనే జవాబే వస్తుంది. అవసరమైనవాళ్లకు ఆ ఒక్క ప్రశ్నే ప్రాణం నిలుపుతుంది. నలుగురూ అలా అడగడం అలవాటు చేసుకున్నారంటే పార్కు బెంచీలు ఖాళీ అయి, మాబోటి సలహాదారుల కొంప కొల్లేరవుతుంది.