విల్లు ఆమెది, వేట ఆయనది!

బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్ని 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ తవ్విస్తే జంతువుల ఎముకలు, ఎముక పనిముట్లు బయటపడ్డాయి. వాటిని చెక్కింది ఆడో మగో ఎక్కడా రాసి లేదు. అయినా ఆదిమానవుల పాఠం బొమ్మల్లో బల్లెం గడ్డపాయనకే. ఆమెకు పొయ్యి, చంకలో బిడ్డ.

పెరూ కొండల్లో 9 వేల ఏళ్లనాటి సమాధిలో వేట సరంజామాతో ఉన్నది అమ్మాయేనని 2020లో తేలింది. లోకం ముక్కున వేలేసుకుంది. సీమ జనానికి ఇందులో వింతేముంది? చెంచులక్ష్మి అనగానే గుర్తొచ్చేది విల్లు పట్టిన పిల్లే. కాకపోతే ఏటా కనుమకు అహోబిలంలో పార్వేట పల్లకీ ఎక్కేది మాత్రం ఆమెను పెళ్లాడిన నరసింహస్వామివారు!

పోనీ, భవిష్యత్తు? ‘కల్కి 2898 ఏడీ’లో లోకం ఎండి బీడైంది. తలకింతని మనుషుల్ని వేటాడి పట్టేది ప్రభాస్. దీపికకు దక్కింది కడుపు.