ఎక్కువ వేసిన ఇంటి పన్ను ముందు కట్టేయండి

ఇంటి పన్ను మీద అభ్యంతరం ఉన్నవాళ్లకు నేను చెప్పే మొదటి సలహా వింటే చాలామందికి ఒళ్లు మండుతుంది. బిల్లు తప్పుగా వచ్చిందా? ముందు కట్టేయండి. కట్టాక పోట్లాడండి.

మేడ్చల్, శామీర్‌పేట వైపు ఏ చాయ్ హోటల్ దగ్గర నిలబడ్డా దీనికి సరిగ్గా ఎదురు మాటే వినిపిస్తుంది. "కడితే ఒప్పుకున్నట్టే అన్నా, ఆపి పెట్టు" అంటారు. ఆపి పెడితే ఏమవుతుందో లెక్క చూద్దాం. గడువు దాటిన బకాయి మీద నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది. ఆరు వేల రూపాయల బిల్లయితే నెలకు 120, ఏడాది తిరిగేసరికి 1,440. మీరు ఎక్కువ వేశారంటున్నది ఎనిమిది వందలే అనుకోండి, ఆ ఎనిమిది వందలు గెలిచినా చేతి డబ్బు పోయినట్టే. "వన్‌టైమ్ స్కీమ్ వస్తుందిలే" అని మరికొందరి ధీమా. నిజమే, ప్రభుత్వం కొన్నిసార్లు 90 శాతం వడ్డీ మాఫీ ఇచ్చింది. కానీ అసలంతా, మిగిలిన 10 శాతం వడ్డీతో సహా కట్టినవాళ్లకే ఆ మాఫీ. మళ్లీ ఎప్పుడు ఇస్తారో ఎవరూ హామీ ఇవ్వలేరు. అదే ఏప్రిల్ 30 లోపు ఏడాది పన్నంతా కట్టేవాళ్లకు ప్రకటించే 5 శాతం రాయితీ చూడండి, ఆరు వేల మీద మూడు వందలు మిగులుతాయి.

కట్టిన రోజే ఒక కాగితం మాత్రం ఇవ్వాలి. "నా అభ్యంతరాన్ని వదులుకోకుండా ఈ మొత్తం చెల్లిస్తున్నాను" అని రాసి, రసీదు నకలు జతచేసి, ఇన్‌వర్డ్‌లో ఇచ్చి మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి. ముద్ర వేసేది లేదంటే స్పీడ్ పోస్టులో పంపండి. 1955 నాటి జీహెచ్‌ఎంసీ చట్టం చూసినా క్రమం ఇదే. ముందు కమిషనర్‌కు అభ్యంతరం పెట్టుకోవాలి, అది తేలాకే కోర్టుకు అప్పీలు. ఆ అప్పీలు వినాలంటే వివాదంలో ఉన్న పన్ను ముందే జమ చేసి ఉండాలి. "ఒక్క రూపాయి కట్టను, కోర్టులో తేల్చుకుంటా" అనేవాళ్లకు ఆ తలుపు తెరుచుకోదు.

రెండో సలహా కూడా కొందరికి నచ్చదు. పక్కింటాయన ఎంత కడుతున్నాడో అడగడం మానేసి, టేపు తీసుకుని మీ ఇంటిని మీరే కొలవండి.

మన దగ్గర ఇంటి పన్ను వార్షిక అద్దె విలువ మీద నడుస్తుంది. ఇల్లు ఏ జోన్‌లో ఉంది, ఏ రకం కట్టడం, ప్లింత్ ఏరియా ఎంత, ఎన్నేళ్ల పాతది, దేనికి వాడుతున్నారు అనే అయిదు సంగతుల మీద ఆ విలువ కడతారు. పక్కిల్లు మీ ఇంటిలాగే కనబడవచ్చు, కానీ పదిహేనేళ్ల ముందు కట్టిందో, పైన రేకులో, కొలతే తేడానో మీకు తెలియదు. అందుకే "వాడికి తక్కువ, నాకు ఎక్కువ" అనే దరఖాస్తు ఎక్కడా నిలబడదు. మీ అసెస్‌మెంట్ లెక్క కాగితం అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. అది చేతికొచ్చాక గడి గడి చదవండి.

ఏం కనబడుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. శామీర్‌పేటలో 150 గజాల జాగా, అందులో 30 అడుగులు బై 30 అడుగుల ఇల్లు అనుకుందాం. ఇల్లు 900 చదరపు అడుగులు, జాగా 1,350. లెక్క కాగితంలో ప్లింత్ ఏరియా గడిలో 1,350 ఉందంటే, ఎవరో జాగా కొలతను ఇంటి కొలతగా ఎక్కించేశారు. లేని 450 అడుగులకు మీరు పన్ను కడుతున్నారు. తర్వాత వాడకం గడికి రండి. ఇంటి ముందు ఒక షట్టర్ ఉంటుంది. ఒకప్పుడు కిరాణం నడిచింది. ఇప్పుడు లోపల మంచం, పెద్దాయన మందుల డబ్బా, గోడకు ఆనించిన చేతికర్ర. కాగితంలో మాత్రం ఆ గది ఇంకా దుకాణమే, రేటూ దుకాణం రేటే. షట్టర్ బయట నుంచి ఒక ఫొటో, లోపల నుంచి ఒక ఫొటో, కమర్షియల్ మీటరు తీసేసి ఉంటే కరెంటు బిల్లు, ఇవి జతచేస్తే మాటలతో వాదించాల్సిన పని తగ్గుతుంది. మున్సిపల్ సిబ్బంది ఇళ్ల వివరాలు ఎక్కించుకునే భువన్ సర్వేలో ఫోన్‌తో కొలిచి ఫొటోలు తీసుకెళ్లినప్పుడు కూడా ఇలాంటి తప్పులు పడే వీలుంది. బయట నుంచి తీసిన ఫొటోలో షట్టర్ కనబడుతుంది గానీ మంచం కనబడదు కదా.

కొలిచినప్పుడు మీకు వ్యతిరేకంగా ఏదైనా బయటపడితే? పైన వేసిన గది లెక్కలో లేకపోతే? అదీ రాసివ్వండి. ఇది విని "ఈయనకు మతి పోయిందా" అంటారని తెలుసు. కానీ 2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టం ఇంటి యజమాని సొంతంగా ఇచ్చే వివరాలను నమ్మి పన్ను వేసే పద్ధతి తెచ్చింది, అబద్ధం చెబితే 25 రెట్ల జరిమానా కూడా పెట్టింది. 450 అడుగులు తీసేయమని అడిగి 120 అడుగులు దాచినవాడి దరఖాస్తు, తనిఖీకి వచ్చిన రోజే కూలిపోతుంది.

అలాగే, అనుమతి లేని అంతస్తుకు జరిమానాతో కలిపి పన్ను కడుతున్నామని నిశ్చింతగా ఉండకండి. పన్ను రసీదు ఆ కట్టడాన్ని సక్రమం చేయదు, చెరువు నిండినప్పటి నీటి హద్దు (ఎఫ్‌టీఎల్) లోపల ఉన్న ఇంటిని కాపాడదు.

ఇక నాకు అన్నిటికన్నా పట్టింపు ఉన్న విషయం. రద్దయిన పంచాయతీ రసీదులు పారేయకండి. "ఊరే పోయింది, ఆ చిత్తు కాగితాలెందుకు" అని అటకలు ఖాళీ చేస్తున్నారు. శామీర్‌పేట సంగతే తీసుకోండి. 2024 సెప్టెంబరులో ఔటర్ రింగ్ రోడ్డు చుట్టూ ఉన్న 51 పంచాయతీలను పక్క మున్సిపాలిటీల్లో కలిపినప్పుడు శామీర్‌పేట తూంకుంటలోకి, పూడూరు మేడ్చల్‌లోకి వెళ్లాయి. 2025 డిసెంబరులో మేడ్చల్, తూంకుంట సహా 27 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లను జీహెచ్‌ఎంసీలో కలిపేశారు. ఏడాదిన్నర తిరక్కుండా ఒకే ఇల్లు మూడు పాలనల కిందికి వెళ్లింది. ఒక పుస్తకంలోంచి ఇంకో పుస్తకంలోకి ఎక్కేటప్పుడు కట్టిన డబ్బు బకాయిగా కనబడవచ్చు, ఒకే ఇంటికి తండ్రి పేరున ఒక నంబరు, కొడుకు పేరున ఒక నంబరు పడవచ్చు. రెండు నంబర్లకూ కట్టినవాళ్లు అది రుజువు చేయగలిగేది పాత రసీదులతోనే. కొత్త ఇంటి నంబరు పక్కన పాత పంచాయతీ నంబరు రాసి ఒకే ఫైల్లో పెట్టండి. 75 గజాల లోపు జాగాలో గ్రౌండ్ ప్లస్ వన్ ఇల్లున్న కుటుంబాలైతే మున్సిపాలిటీ కాలం బిల్లులు తప్పకుండా తీసి చూసుకోవాలి. 2019 చట్టంలో వాళ్లకు పెట్టిన పన్ను ఏడాదికి 100 రూపాయలే.

ఎక్కువ కట్టినట్టు తేలితే "నా డబ్బు నాకివ్వండి" అని పట్టుబట్టకండి. నగదు వాపసు అంటే ఫైలు చాలా చేతులు దాటాలి. "ఈ మొత్తాన్ని వచ్చే అర్ధ సంవత్సరం డిమాండులో జమ వేయండి" అని అడిగితే అధికారికి నిర్ణయం సులువు, మీకు తిరుగుడు తక్కువ. ఇల్లు అమ్మేసినా, రెండో నంబరు రద్దయినా జమ వేసే చోటే ఉండదు. అప్పుడు మాత్రం రెండు రసీదులు, బ్యాంకు వివరాలు పెట్టి వాపసు కోరండి. జమ చేశామని చెబితే నమ్మి వచ్చేయకుండా, తర్వాతి బిల్లులో ఆ అంకె పడిందో లేదో చూసుకోవాలి.

పెద్ద మనిషి చేత ఫోన్ చేయించే ఆలోచన కూడా మానుకోండి. ఫోన్‌కు తేదీ ఉండదు, ముద్ర ఉండదు. అంతాయిపల్లి కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణికి వెళ్లండి, తప్పు లేదు. అయితే అది కమిషనర్‌కు పెట్టుకోవాల్సిన అభ్యంతరానికి (రివిజన్ పిటిషన్‌కు) బదులు కాదు. ప్రజావాణిలో అర్జీ ఇచ్చామని ఊరుకుంటే నోటీసులో రాసిన గడువు మీ కోసం ఆగదు.

మీ వీధిలో నోటీసు చదువుకోలేని ముసలివాళ్లు ఉంటే ఆ కాగితం అందుకున్న తేదీ ఇవాళే దాని మీద రాసి పెట్టండి, గడువు లెక్క దాని మీదే ఉంటుంది.