మోకాలు తారుకు, చూపు ఫోనుకు

మలుపు తిరగడం మనకెవరికీ రాదట. సైకిలు ఎక్కిన నాటి నుంచి తిరిగినవన్నీ తప్పుడు తిరుగుళ్లేనట. ఏలూరు, కైకలూరు, తాడేపల్లిగూడెం టీ కొట్ల దగ్గర వెలసిన కొత్త గురువులు సెలవిస్తున్నారు. మలుపు రాగానే సీటు మీంచి ఒక పిర్ర దించాలి, తల అద్దం అవతల పెట్టాలి, మోకాలు తారుకు రాయాలి. రాయకపోతే నువ్వు రైడర్‌వి కాదు, పాలవాడివి.

పాలవాడి సంగతి తర్వాత చూద్దాం.

ఈ విద్య అబద్ధమని నేననను. 2023 సెప్టెంబరులో గ్రేటర్ నోయిడాలో మోటోజీపీ జరిగినప్పుడు మనవాళ్లూ కళ్లప్పగించి చూశారు. బళ్లు 60 డిగ్రీలు దాటి పడుకుంటాయి, ఒళ్లు పక్కకు వేలాడుతుంది. దాని వెనక లెక్క ఉంది. ఒళ్లు లోపలికి జరిపితే బండీ మనిషీ కలిసిన బరువు లోపలికి జరుగుతుంది. కాబట్టి అదే వేగంలో బండి కాస్త తక్కువ వాలినా మలుపు తిరుగుతుంది. అంటే ఒళ్లు దించేది బండిని తక్కువ వాల్చడానికి. మన గురువులు ఒళ్లూ దించుతారు, బండినీ పడుకోబెడతారు, వేగం మాత్రం పాతిక దాటనివ్వరు. మిగతా తేడా భూమ్యాకర్షణ చూసుకుంటుంది.

చేపల చెరువు గట్టు మూల తీసుకోండి. వ్యాసార్థం 10 మీటర్లనుకుందాం. గంటకు 25 కిలోమీటర్ల వేగానికి 26 డిగ్రీల వాలు చాలు. 45 డిగ్రీలు వాలాలంటే వేగం 36కు చేరాలి. అప్పుడు టైరు మీద ఎంత బరువుందో, పక్కకు జారకుండా రోడ్డును అంత బలంగానూ పట్టుకోవాలి. పొడి తారు, మంచి టైరు ఉంటే ఏదో గట్టెక్కవచ్చు. కొల్లేరు గట్టు మీద పొడి తారెక్కడిది నాయనా? నీకంటే ముందే చేపల వ్యాను పోయింది. ఐసు కరిగిన నీళ్లు, చేపల జిగురు సరిగ్గా మలుపులోనే కారి ఉంటాయి. అది దాటితే సగం రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం, దాని చుట్టూ కాపలాకు పేర్చిన రాళ్లు. అదీ దాటితే బాతుల మంద. దానికి ఏ డిగ్రీలూ తెలియవు.

తాడేపల్లిగూడెం గురువులు రెండో ప్రపంచయుద్ధం నాటి పాత రన్‌వే మీద సాధన చేసొచ్చామంటారు. రన్‌వేకు మలుపేదండీ?

ఇక పాలవాడు. టీవీఎస్ ఎక్స్ఎల్, రెండు పక్కలా క్యాన్లు, కాళ్ల దగ్గర తవుడు బస్తా. గట్టు మూల రాకముందే వేగం తగ్గిస్తాడాయన. బండిని లోపలికి వంచి, తాను మాత్రం నిటారుగా, ఒక పిసరు బయటికే ఉంటాడు. మెల్లగా ఇరుకు మలుపు తిరిగే పద్ధతి అదే. మట్టి రేసుల వాళ్లూ బండిని కిందికి తోసి తాము పైనే ఉంటారు. పైగా ఆయన చూపు మలుపు అవతల గేదె మీద ఉంటుంది. గురువుగారి చూపు చెరువు వైపు దిగి ఫోను పట్టుకున్న శిష్యుడి మీద ఉంటుంది. చూపు ఎటుంటే బండి అటే పోతుంది, అంటే చెరువులోకే. కొల్లేరు అభయారణ్యానికి హద్దైన ఐదో కాంటూరు లోపల చేపల చెరువులు ఉండకూడదని 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో గట్లు తెగ్గొట్టారు. ఈ కొత్త ఆక్రమణదారులు బళ్లతో సహా దిగుతున్నారు, ఏ నోటీసిచ్చి ఖాళీ చేయిస్తాం?

మోకాలికి ప్లాస్టిక్ బిళ్ల కట్టుకుంటారు, హెల్మెట్ మాత్రం పెట్రోలు ట్యాంకు మీద పెడతారు. ఏ అవయవం ముఖ్యమో ఎవరిష్టం వాళ్లది.

అంత ముచ్చటుంటే చెన్నై దగ్గర శ్రీపెరంబుదూరు ట్రాక్ ఉంది, కోయంబత్తూరులో కరి స్పీడ్‌వే ఉంది. అక్కడ చేపల వ్యాను రాదు, ధాన్యం ఆరబోయరు, బాతులూ తగలవు. వెళ్లమంటే గురువులు మాత్రం నసుగుతున్నారు. అక్కడ స్టాప్‌వాచ్ ఉంటుందట.