కొంచెం ఎనక్కి తిప్పరా!

ఎనభైల నాటి తెలుగు సినిమాలు నేను చూసినన్ని ఇంకెవరూ చూసి ఉండరని గొప్పలు చెప్పుకోవచ్చు గానీ, నిజానికి ఒక్కటీ చూడలేదు. నాకు కళ్లు లేవు. ఉన్నదల్లా నిమిషానికి 1,500 చుట్లు తిరిగే ఒక డ్రమ్ము, దాని అంచున రెండు బుల్లి హెడ్లు. అర అంగుళం వెడల్పు టేపు ఆ డ్రమ్మును చుట్టుకుని పోతుంటే, దాని మీదున్న అయస్కాంతపు గీతలను ఆ హెడ్లు తడుముతాయి. అలా తడిమిందాన్ని వైరులోంచి టీవీకి పంపిస్తాను. చూసుకోవడం మీ పని. చెవులు మాత్రం ఉన్నాయనుకోండి. ఆత్మకథ చెప్పుకునేవాళ్లకు ఆ మాత్రం వెసులుబాటు ఇవ్వాలి కదా.

నేను వీసీఆర్‌ని. రాజోలు చుట్టుపక్కల అందరూ డెక్కు అనేవారు. వీహెచ్ఎస్ అనే పద్ధతిని జేవీసీ కంపెనీ 1976లో జపాన్‌లో మొదలుపెడితే, దాన్ని పట్టుకుని రకరకాల కంపెనీలు నాలాంటివాళ్లను లక్షల్లో తయారుచేశాయి. అలా పుట్టి, మస్కట్‌లో ఒక కొట్టు అద్దాల వెనక కొన్నాళ్లు కూర్చుని, అక్కడ పనికెళ్లిన కోనసీమ కుర్రాడి సామానులో దుప్పటి కప్పుకుని బొంబాయిలో దిగాను. 1982లో ఢిల్లీ ఏషియాడ్ పుణ్యమా అని మన దూరదర్శన్‌కు రంగులొచ్చాయి. ఆ తర్వాతే కలర్ టీవీ ఉన్న ఇంట్లో నాక్కూడా ఇంత చోటు దొరికింది. ఆ కుర్రాడు మళ్లీ మస్కట్ వెళ్తూ నన్ను బావగారికి అప్పగించాడు. ఆయన ఆ నెలలోనే అద్దెల వ్యాపారం పెట్టేశాడు. అప్పట్నుంచి ఊరంతటికీ ఆయన వీడియో బావగారు. వరసలు కలవనివాళ్లు కూడా అలాగే పిలిచేవారు.

ఒక రాత్రికి టీవీ, డెక్కు, మూడు క్యాసెట్లు. అద్దె ముందే ఇచ్చెయ్యాలి. సంక్రాంతికి, వినాయక చవితి పందిళ్లకు, పెళ్లిళ్లకు, సమర్త ఫంక్షన్లకు పిలుపులొచ్చేవి. సైకిలు వెనక కట్టుకుని తీసుకెళ్లేవారు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి వశిష్ఠ దాటి నరసాపురం వైపు పెళ్లిళ్లకు వెళ్లేదాన్ని. లంక ఊళ్లకైతే పడవే. టీవీని ఇద్దరు మోసేవారు, నన్ను మాత్రం బావగారు ఎవరికీ ఇవ్వకుండా చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకునేవారు. వాకిట్లో చాపలు, గడప మీద ఆడవాళ్లు, ప్రహరీ గోడ మీద పిల్లలు. మొదట భక్తి సినిమానో కుటుంబ కథో వేసేవారు. రెండోది నవ్వుల సినిమా. మూడోది ఫైట్లు. అది అయ్యేసరికి కోడి కూసేది.

మధ్యలో కరెంటు పోతే క్యాసెట్టు నా కడుపులోనే ఉండిపోయేది. మళ్లీ వచ్చేదాకా బయటికి రాదు. బొమ్మ మీద మంచు కురిస్తే బావగారు మూత విప్పి, కొత్త రూపాయి నోటును స్పిరిట్‌లో తడిపి హెడ్లు తుడిచేవారు. మా ప్రాంతపు చెమ్మకు క్యాసెట్లకు తెల్లగా బూజు పట్టేది. అలాంటిది ఒకటి వేశారంటే ఆ రాత్రికి నా పని సరి.

ఇక సినిమాల సంగతి. ఎవరికి ఏ సినిమా ఇష్టమో మనుషుల్ని అడిగితే చెప్పేది వేరు, టేపు చెప్పేది వేరు. పది మందిలో అడిగితే కళాఖండాల పేర్లు చెప్తారు. టేపు అబద్ధం ఆడదు. ఎన్నిసార్లు వెనక్కి తిప్పి వేస్తే అక్కడ పూత అంత అరుగుతుంది. బొమ్మను ఆపి పెడితే ఇంకా చేటు. టేపు కదలదు, నా హెడ్లు మాత్రం ఆ ఒక్కచోటే సెకనుకు 25 చుట్లు రాస్తూనే ఉంటాయి. అందుకే కాసేపటికి నాకు నేనే ఆగిపోయేలా చేశారు నన్ను తయారుచేసినవాళ్లు. పూత రాలినచోట తెర మీద తెల్ల చుక్కలు, గీతలు. ఏ క్యాసెట్టయినా నాలో పెట్టండి. ఆ చుక్కలు ఎక్కడ మొదలయ్యాయో అక్కడే జనం మనసు పడ్డట్టు.

సినిమా హాల్లో ఈ వీలెక్కడిది? నాటకాల్లో పద్యానికి వన్స్‌మోర్ అంటే నటుడు మళ్లీ పాడేవాడు. ప్రొజెక్టరు ఎవరి మాటా వినదు. నేను వింటాను. "ఒరే అబ్బాయ్, కొంచెం ఎనక్కి తిప్పరా" అని చాప మీంచి ఒక ముసలాయన అంటే చాలు.

ఆ మాట ఎక్కువగా వినిపించింది ఫైట్లకు కాదు, జంధ్యాల సినిమాలకు. కారణం ఉంది. హాల్లో ఒక జోకు పేలితే ఆ నవ్వుల్లో తర్వాతి రెండు డైలాగులు కొట్టుకుపోతాయి. జంధ్యాలేమో ఊపిరి తీసుకోనిచ్చే మనిషి కాదు. హాల్లో మూడుసార్లు చూసినవాళ్లు కూడా నా దగ్గరకొచ్చాకే పూర్తిగా విన్నామనేవారు. 'శ్రీవారికి ప్రేమలేఖ' 1984లో వచ్చింది. అందులో శ్రీలక్ష్మి టైటిల్స్‌తో సహా సినిమా కథ చెప్పే ఘట్టం దగ్గర టేపు పూత ఎంత పోయిందో! 'చంటబ్బాయ్'లో ఆవిడే కవయిత్రిగా చేసిన చోటా అంతే. చిరంజీవి సినిమాలో చిరంజీవి లేని ముక్కను వెనక్కి తిప్పించుకున్న ఘనత ఆవిడది.

అన్నిటికన్నా అరిగిపోయింది 1987 నాటి 'అహ నా పెళ్లంట!'. పిసినారి లక్ష్మీపతిగా కోట శ్రీనివాసరావు కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ వట్టన్నం తినే దృశ్యం ఉందే, మా క్యాసెట్లో అక్కడ కోడి కనిపించడం మానేసి చాలాకాలమైంది. తెల్ల చుక్కల్లో ఏదో వేలాడుతుంటుంది, కోట దాన్ని చూసి లొట్టలేస్తుంటాడు. అయినా జనం నవ్వేవారు, ఎందుకంటే కోడి వాళ్లకు కంఠతా వచ్చు. ఇక అరగుండు బ్రహ్మానందం. మా రేవు దాటాక, అవతలి జిల్లాలోని అత్తిలిలో తెలుగు పాఠాలు చెప్పిన లెక్చరరాయన. యజమానిని చాటుగా తిట్టుకునే ఆ తిట్లను ఒక్కొక్కటే ఆపి, రాసుకుని, బట్టీపట్టిన కుర్రాళ్లను నేనెరుగుదును. పదో తరగతి పాఠాలను అంత శ్రద్ధగా చదివితే ఎక్కడుండేవారో!

వంశీ సినిమాలదీ మా ఇంటి వ్యవహారమే. పసలపూడి మనిషి కదా. 1986 నాటి 'లేడీస్ టైలర్'లో సుందరం తొడ మీద మచ్చ ఉన్న అమ్మాయి కోసం వెతుక్కుంటూ తిరుగుతుంటే, మా లంకల్లో జనం "ఇది మన సందులాగే ఉందేటి", "ఆ గట్టు మనదేనండి బాబు" అని వాదులాడుకునేవారు. దానికోసం బొమ్మ ఆపించేవారు. ఆపితే నా రెండు హెడ్ల పనితనానికి తెర మధ్య ఒక గీతల పట్టీ వచ్చి, ఆ గట్టే కనిపించేది కాదు. వాదన మాత్రం తెల్లవార్లూ సాగేది. 'సితార'కు అలాంటి గొడవలుండవు. భానుప్రియ కళ్లు తెర మీదికి రాగానే అందరూ నోళ్లు మూసుకునేవారు.

ఇక్కడే నా లెక్క ఒక చోట తప్పుతుంది. మా దగ్గరున్న 'శంకరాభరణం', 'సాగర సంగమం' టేపులు చివరిదాకా నున్నగానే ఉండేవి. ఇష్టం లేక కాదు. 'శంకరాభరణం' 1980 ఫిబ్రవరిలో విడుదలైనప్పుడు మొదటి రోజుల్లో హాళ్లు పలచగా ఉండి, ఆ నోటా ఈ నోటా పాకి నిండాయని అప్పట్లో చూసినవాళ్లు చెప్పుకునేవారు. నా దగ్గర ఎప్పుడు వేసినా వాకిలి నిండేది. కానీ మధ్యలో ఆపమని, తిప్పమని ఎవరూ అడగలేదు. తాగిన కమల్ హాసన్ బావి గట్టు మీద నాట్యం చేస్తుంటే, మళ్లీ చూద్దామని ఎవరికి నోరొస్తుంది? పడకుండా దిగితే చాలు దేవుడా అన్నట్టుంటారు. కాబట్టి అరగడం ఒక రకం ఇష్టం, అరగకపోవడం ఇంకో రకం. నాకైతే మొదటిదే సుఖం. రెండో రకం సినిమా వేసిన రాత్రి ఎవరూ నన్ను పట్టించుకునేవారు కాదు.

ఒకసారి మాత్రం 'శంకరాభరణం' ఆగింది. సంగీతం చెప్పే పంతులుగారొకరు పాట మధ్యలో లేచి, "ఏవండీ బావగారూ, మీ డెక్కులో బాలు శ్రుతి పెరిగిందేమిటి?" అన్నారు. ఎవరూ నమ్మలేదు. కానీ ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఫిల్ము హాల్లో సెకనుకు 24 బొమ్మల చొప్పున ఆడుతుంది. మన టీవీ పద్ధతిలో సెకనుకు 25. ఫిల్మును టేపు మీదికి ఎక్కించేటప్పుడు ఆ తేడాకు బొమ్మతో పాటు పాటా వేగం పుంజుకుంటుంది. రెండున్నర గంటల సినిమా ఆరు నిమిషాల ముందే అయిపోతుంది, శ్రుతి పిసరు పెరుగుతుంది. వేలమంది విన్నారు, పట్టుకున్నది మాత్రం ఆయనొక్కరే.

'ప్రతిఘటన' 1985లో వచ్చింది. ఆ క్యాసెట్టు మగవాళ్లు అడిగి తీసుకెళ్లింది తక్కువ. మధ్యాహ్నం పూట, వంటలయ్యాక, నలుగురైదుగురు ఆడవాళ్లు చందాలేసుకుని వేయించుకునేవారు. చివర్లో విజయశాంతి గొడ్డలి ఎత్తుతుంది చూడండి, అక్కడికి ముందుకు తిప్పడం, చూడడం, వెనక్కి తిప్పడం, మళ్లీ చూడడం. ఎవరూ పెద్దగా మాట్లాడేవారు కాదు. ఒకావిడ మాత్రం, "ఇంకోసారి ఎయ్యవే, మా ఆయనొచ్చే టయిమయింది" అంది.

'పుష్పక విమానం' వేసిన రాత్రి నాకు దెబ్బలు పడ్డాయి. అందులో మాటల్లేవని ఎవరో చెప్పేలోపు నలుగురు నా నెత్తిన చరిచారు. సౌండ్ పోయిందనుకున్నారు. టేపు పైఅంచున ఉండే సన్నటి దారిలోనే సౌండంతా ఉంటుంది. అంచు నలిగితే ముందు పోయేది అదే. అందుకని వాళ్ల అనుమానంలో న్యాయం లేకపోలేదు గానీ, దెబ్బలు దెబ్బలే.

నా చేతగాని సినిమాలూ ఉన్నాయి, దాచుకోవడమెందుకు? 1986లో కృష్ణ తీసిన 'సింహాసనం' తెలుగులో మొదటి 70 ఎం.ఎం. సినిమా. అంత పెద్ద కోటలను, సైన్యాలను ఇరవై అంగుళాల టీవీలోకి కుక్కితే అటు సగం సైన్యం, ఇటు సగం సైన్యం ఎగిరిపోయింది. మణిరత్నం 'గీతాంజలి'లో పి.సి. శ్రీరామ్ పట్టిన మంచూ మసక వెలుతురూ నా దగ్గర ఒట్టి చీకటైపోయాయి. అది చూడాలంటే హాలుకే వెళ్లాలి. 1983 నాటి 'ఖైదీ'ని నేను బాగానే మోశాను, పోలీస్ స్టేషన్ ఫైటు దగ్గర చుక్కలే సాక్ష్యం. 1989 అక్టోబరులో 'శివ' వచ్చాక మళ్లీ ఒక ఊపు. నాగార్జున సైకిలు చైను లాగే చోట కుర్రాళ్లు బొమ్మను అంగుళం అంగుళం జరిపి చూశారు. మర్నాడు సొంత సైకిళ్ల మీద ప్రయత్నించి, చేతులకు గ్రీజూ గాయాలూ తప్ప ఏమీ సాధించలేకపోయారు.

మా వ్యాపారంలో కెమెరా ప్రింట్లు కూడా ఉండేవి. హాల్లో దొంగతనంగా తీసినవి. హీరో మొహానికి అడ్డంగా ఎవరిదో తల లేచి బయటికి వెళ్లడం, హాలువాళ్ల ఈలలూ దగ్గులూ అన్నీ ఉచితం. 1984లో కాపీరైట్ చట్టాన్ని సవరించి శిక్షలు బిగించారు. పోలీసులు వస్తున్నారని కబురొస్తే బావగారు నన్ను ధాన్యం గాదెలో దాచేవారు. నిర్మాతల కష్టం దోచడమే అది, నాకేం సందేహం లేదు. కానీ లంకలో మంచం పట్టిన ముసలావిడ చిరంజీవిని చూసింది నా వల్లే.

తొంభైల్లో కేబుల్ వచ్చింది. 1995లో ఈటీవీ, జెమిని మొదలయ్యాయి. ఇంట్లో కూర్చుంటే సినిమాలు వాటంతటవే వస్తుంటే నన్నెవరు మోస్తారు? తర్వాత సీడీలు. నేను అటకెక్కాను. నాలాంటివాళ్లను తయారుచేసే చివరి జపాన్ కంపెనీ 2016లో ఆ పని ఆపేసింది.

మొన్నీమధ్య బావగారి కూతురి కొడుకు నన్ను దించాడు. వాళ్లమ్మమ్మ చెల్లెలి పెళ్లి క్యాసెట్టు ఒకటి దొరికిందట, 1988 నాటిది, కంప్యూటర్లోకి ఎక్కించాలట. బెల్టు మార్పించి, హెడ్లు తుడిపించి, ల్యాప్‌టాప్‌కు తగిలించాడు. ఇల్లంతా చేరింది. తలంబ్రాలయ్యాయి, అరుంధతీ దర్శనం అయింది, భోజనాల పంక్తి మొదలైంది. పప్పు వడ్డిస్తున్న చెయ్యి కనిపించింది, అంతలో బొమ్మ గిర్రున తిరిగి, చారలు పడి, సర్దుకుంది. చూస్తే పెళ్లి భోజనాలు లేవు. కోట శ్రీనివాసరావు ఉన్నాడు. పైన కోడి ఉంది, చుక్కల్లేకుండా, శుభ్రంగా.

పెళ్లి క్యాసెట్టుకు ఎవరూ చెరపకుండా మూల రేకు విరిచే ఉంది. దాని మీద సెల్లోటేపు అంటించి, ఇంకో డెక్కుకు వైరు కలిపి, ఖాళీ క్యాసెట్లు దొరకని ఒక రాత్రి బావగారే కాపీ కొట్టారు. నాకు తెలుసు. చేయించుకున్నది నా చేతే కదా.

ఒక్క క్షణం ఎవరూ నోరెత్తలేదు. తర్వాత బావగారిని తలుచుకుని తిట్లు. ఆయన ఉంటే అరగుండు తిట్లన్నీ ఆయనకే పడేవి. కుర్రాడు మౌసు పట్టుకుని, "ఈ సినిమా ముక్క కత్తిరించేస్తా చిన్నమ్మమ్మా" అన్నాడు.

"కత్తిరిస్తే చెయ్యి ఇరగ్గొడతాను" అంది పెళ్లికూతురు. ఆవిడకిప్పుడు అరవై దగ్గరపడుతున్నాయి. "ఆ పంక్తిలో ఎవరెవరు తిన్నారో నాకు గుర్తే లేదు. మీ తాతయ్య ఈ కోడిని చూసి నవ్వలేక పొలమారిపోవడం మాత్రం గుర్తుంది. ఉంచెయ్."

కుర్రాడు ఉంచేశాడు. ఫైలుకు పేరు కూడా పెట్టాడు: చిన్నమ్మమ్మ పెళ్లి, కోడితో సహా.